చౌల్దారీలో నాలుగున్నర బస్సు

ఎల్‌టీసీ ఈ ఏడాది వాడుకోకపోతే పోతుందన్నారు కాబట్టి అండమాన్ వెళ్లాను. అంతకుమించి గొప్ప కారణం ఏమీ లేదు. పాతికేళ్లుగా తెలుగు టీచర్ని, పరీక్ష పేపర్లు దిద్ది దిద్ది అలసిపోయి ఉన్నాను. నాలుగు రోజులు బీచ్‌లు తిరిగేసరికి ఇసుక చూస్తేనే విసుగొచ్చింది. పల్లెలు చూడాలనుంటే చౌల్దారీ వెళ్లమని అబర్డీన్ బజార్‌లో చెప్పుల షాపాయన చెప్పాడు. వాళ్ల తాతలది టెక్కలి వైపట. చౌల్దారీలో మరియమ్మ అని వాళ్ల పెద్దత్త ఉందని, ఆవిడకి తెలుగు చదివేవాళ్లతో చిన్న పనుందని కూడా అన్నాడు. భోజనం దొరుకుతుంది కదా అనుకుని సరేనన్నాను.

బజార్ పక్కనే బస్టాండు. పదకొండింటికి ఎక్కాను. టికెట్టు ముప్పై రూపాయలు, ప్రయాణం గంట పైన. కిటికీ సీటు దొరికింది గానీ దారంతా నిద్రపోయాను. తిరుగు బస్సు నాలుగున్నరకని, అది తప్పితే ఆటోవాళ్లు ఏడు వందలు అడుగుతారని కండక్టరు హిందీలో హెచ్చరించి దింపాడు. రోడ్డుకి రెండు పక్కలా వక్కతోటలు, కూరగాయల మళ్లు, రేకుల ఇళ్లు. బాగుంది. కానీ ఉక్కపోతలో అరగంట నడిచేసరికి నా ఓపిక అయిపోయింది.

మరియమ్మగారికి ఎనభై దాటి ఉంటాయి. అన్నం, చేపల పులుసు పెట్టి, నేను చెయ్యి కడుక్కోగానే ఒక నోటు పుస్తకం తెచ్చి ఒళ్లో పెట్టింది. పోయినేడు చనిపోయిన ఆవిడ భర్త చర్చి కోసం కట్టిన పాటలు. ఆవిడ చదువుకోలేదు. మనవరాలు రూతుకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. అట్టని అప్పుడే చెదలు తినేశాయి. నేను చదువుతుంటే రూతు ఆ తెలుగునే హిందీ అక్షరాల్లో రాసుకోవాలి. చర్చిలో పిల్లలందరూ అలాగే చూసి పాడతారట. పుస్తకం పూర్తిగా పోయేలోగా ఈ పని అయిపోవాలని ముసలావిడ ఆరాటం.

నా ఆరాటం బస్సు. గడగడా చదివాను. మధ్యలో ఒకచోట పెన్సిల్ రాత చెరిగిపోయి, రెండు కాగితాలు అతుక్కుని ఉన్నాయి. పేపర్లు దిద్దేటప్పుడు అర్థంకాని జవాబుని దాటేసినట్టే దాన్నీ దాటేశాను. నాలుగుంబావుకి ముగించి సంచి తీసుకున్నాను.

మరియమ్మగారు వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంటూ కూర్చునే ఉంది.

"ఒకటి వదిలేసినావమ్మా," అంది. "మొత్తం పద్నాలుగు. షిప్పు పాట రానేదు."

"నానీ, దీదీకి బస్ టైమ్ హో గయా. పోనీ వదిలెయ్," అంది రూతు.

నాకు చాలా సిగ్గేసింది. సంచి కింద పెట్టి, అతుక్కున్న కాగితాలు తడిగుడ్డతో మెల్లగా విడదీశాను. కిటికీ దగ్గర వెలుతురులో ఒక్కో మాటా కూడబలుక్కుని చదువుతుంటే బయట బస్సు హారన్ వినిపించి, దూరమైపోయింది. అది దేవుడి పాట కాదు. విశాఖపట్నం నుంచి ఓడలో వచ్చేటప్పుడు మూడు రోజులూ వాంతులు చేసుకుంటూ కూడా మిరప విత్తనాల మూట ఒళ్లోంచి దించని పెళ్లాం మీద కట్టిన పాట. రూతు రాయటం ఆపి అమ్మమ్మ వంక చూసింది.

"దేవుడి పాటలు అందరివీని," అంది మరియమ్మగారు. "ఇది నాది."

ఆటోకి ఏడు వందలూ ఇచ్చాను. నడుము విరిగిపోయింది, మర్నాడు ఎక్కడికీ కదల్లేదు. ఇన్నేళ్లలో నేను అలా దాటేసిన జవాబులెన్నో, ఏ పిల్లా వచ్చి నన్ను అడగలేదు. ఆ రోజంతా మంచం మీద పడుకుని అదే తలుచుకుంటూ బాధపడ్డాను. మీరు చౌల్దారీ వెళ్లేటట్టయితే పొద్దున్న మొదటి బస్సుకే వెళ్లండి, చదివే కళ్లజోడు వెంట పెట్టుకోండి.