కోక్‌పెక్ లోయలో చూపు కానుక

ఆ వసంతంలో రౌషన్‌కి ఒకటే బెంగ. జేనెప్ తనని గుర్తుపడుతుందా, లేదా?

పైకి మాత్రం బింకం తగ్గలేదు. జేనెప్ కూతురు ఐనాష్ ఫోన్ చేసి, "పిన్నీ, మొన్న అమ్మ నన్ను చూసి మందుల షాపు పిల్లవా అని అడిగింది. ఈ ఏడాది పిట్టలూ వద్దు, కొండలూ వద్దు, ఇంట్లోనే ఉండనీ" అని ఏడిస్తే, "నీ ముఖం నువ్వు పుట్టాకే కదే చూసింది? నా ముఖం అంతకు ముందునుంచీ చూస్తోంది. మా అక్క నన్ను మరిచిపోవడమేమిటి?" అని దబాయించింది. ఫోన్ పెట్టేసి మిషను ముందు కూర్చుని, ఎవరిదో ప్యాంటు పొడుగు తగ్గించబోయి రెండు కాళ్ళూ కలిపి కుట్టేసింది.

రౌషన్ ఆల్మాటీలో బజారు వెనక చిన్న గదిలో బట్టలు సరిచేసి బతుకుతుంది. జార్కెంట్ వైపు పల్లె నుంచి కుట్టు ఫ్యాక్టరీలో పనికని వచ్చినప్పుడు ఆమెకి పట్నం అంటే ఒణుకు. పక్క మిషను జేనెప్‌ది. ఆదివారం హాస్టలు గదిలో కూర్చుని ఏడవడమెందుకని జేనెప్ ఆమెని బస్సెక్కించి కొండలకి తీసుకుపోయింది. అక్కడ పట్టుకున్న పిట్టల్ని చూసే పిచ్చి మరి వదల్లేదు. ఫ్యాక్టరీ మూతపడింది, దేశం పేరు మారింది, ఇద్దరి మొగుళ్ళూ పోయారు. పిచ్చి మాత్రం చెక్కుచెదరలేదు. ఆ బస్సు తోలిన తోలెగెన్, 'ఈ ఆడవాళ్ళకి పనీపాటా లేదా' అని చూడ్డానికి ఒకసారి వెంట నడిచి, తనూ అందులోనే పడ్డాడు. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అన్నారా.

కొత్త కోడలి ముఖం చూసినా, ఉయ్యాల్లో బిడ్డని చూసినా కోరిమ్‌దిక్, అంటే చూపు కానుక, ఇవ్వకుండా ఆ దేశంలో ఎవరూ గడప దాటరు. ఈ ముగ్గురూ ఆ మర్యాదని పిట్టలకీ అంటగట్టారు. జన్మలో మొదటిసారి ఒక పిట్టని చూసినవాళ్ళు, చూపించినవాళ్ళ చేతిలో ఏదో ఒకటి పెట్టాలి. మిఠాయి బిళ్ళో, బొత్తామో, ఎండు పెరుగు ఉండో. వద్దనకూడదు. వద్దంటే, నువ్వు చూడనేలేదు పో అన్నట్టు లెక్క.

అనుకున్న రోజు తెల్లవారుతూనే తోలెగెన్ తన పాత వ్యానులో రౌషన్‌ని ఎక్కించుకొచ్చి జేనెప్ ఇంటి ముందు ఆపాడు. రొట్టె ఆకారంలో ఉంటుందని దాన్ని అందరూ రొట్టె బండి అనే అంటారు. జేనెప్ తెల్ల రుమాలు తలకి కట్టుకుని, పెళ్ళికి వెళ్ళేదానిలా సంబరంగా ఎక్కింది.

"బాగున్నావామ్మా?" అంది రౌషన్‌ని చూసి.

పేరు పెట్టి పిలవలేదు. పొద్దున్నే కదా, నిద్రమత్తు అనుకుంది రౌషన్.

కోక్‌పెక్ లోయని తిరుగుదారికి దాచుకుని, ఆగకుండా దాటేసి సోగెతీ మైదానంలోకి దిగారు. చలి ఇంకా నేలని పట్టుకునే ఉంది. మాచిపత్రి వాసన అద్దాల సందుల్లోంచి లోపలికి వచ్చి కూర్చుంది. ఎర్రటి అడవి తులిప్‌లు రాళ్ళ మధ్య అక్కడొకటి, ఇక్కడొకటి. దూరాన కొండలు నేలకి అంటకుండా గాలిలో తేలుతున్నాయి. బండి పోతోందో, నిలబడే ఉందో, మైదానమే వెనక్కి జారుతోందో తెలియని పొద్దు అది. భరతపక్షి ఒకటి పాడుతూ పాడుతూ పైకి పోయింది. అది కనబడటం మానేశాక కూడా పాట రాలుతూనే ఉంది.

"ఇది పొట్టివేలు భరతపక్షి కాదు, కొమ్ముది" అంది జేనెప్ కళ్ళు మూసుకునే.

నిజమే. పిట్టల దగ్గర ఆమె తడబడలేదు. రౌషన్‌కి ప్రాణం లేచొచ్చింది.

కాసేపటికి తోలెగెన్ బండి ఆపి చెయ్యి చూపించాడు. బూడిదరంగు బెగ్గురు కొంగలు జంటగా నిలబడి, ఒకదానికొకటి తలలు వంచుకుంటూ, రెక్కలు సగం విప్పి ఆడుతున్నాయి. జేనెప్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అమ్మమ్మో! నా జన్మలో చూడలేదు ఇలాంటివి!" అని సంచిలోంచి ఒక బావుర్సక్ తీసి తోలెగెన్ అరచేతిలో పెట్టింది. నూనెలో పొంగిన ఆ గోధుమ ఉండని అతను రెండు చేతులా కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు.

జేనెప్ కొంగల వైపు నాలుగడుగులు వేశాక రౌషన్ అతని మీద విరుచుకుపడింది. "సిగ్గులేదూ? పోయినేడు ఇవే కొంగలకి మిఠాయి తిన్నావు."

"అంతకు ముందేడు కూడా తిన్నాను" అన్నాడు తోలెగెన్. "ఏటేటా మొదటిసారే చూస్తోంది, నేనేం చెయ్యను? నువ్వూ నేనూ ఆ కొంగల్ని అలా చూసి ఎన్నాళ్ళయింది చెప్పు."

"మాటలు నేర్చావులే. తుడుచుకో మూతి."

టీ తాగుతున్నప్పుడు రౌషన్ ఉండబట్టలేకపోయింది. పరీక్ష పెట్టకూడదని తెలుసు. అయినా నాలుక ఆగితేనా?

"అక్కా, ఫ్యాక్టరీలో నీ పక్క మిషను ఎవరిదో చెప్పు చూద్దాం."

"రౌషన్‌ది" అంది జేనెప్ తడుముకోకుండా.

రౌషన్ గుండె గంతులేసింది. తోలెగెన్ వైపు విజయగర్వంతో చూసింది కూడా.

"అదొక కోతి" అంటూ నవ్వుకుంది జేనెప్. "దారం తెంపమంటే కత్తెర ముట్టదు, పళ్ళతో కొరుకుతుంది. నవ్విందంటే సూపర్‌వైజరు అవతలి గదిలోంచి తిట్టాల్సిందే. అవునూ, అది రాలేదేం ఇవాళ? పిలవలేదా మీరు?"

టీ గాజుగ్లాసు రౌషన్ చేతిలోనే ఉండిపోయింది.

"నేనే అక్కా. నేనే రౌషన్‌ని."

జేనెప్ మర్యాదగా నవ్వింది. "హాస్యానికేం గానీ, నువ్వు పెద్దదానివమ్మా. అది పిల్ల."

తోలెగెన్‌కి పొలమారింది. రౌషన్ లేచి బండి అవతలికి పోయింది. మరిచిపోయినా బాగుండేదనిపించింది. మరిచిపోలేదు, ప్రేమగా గుర్తుంచుకుంది. ఆ ప్రేమంతా ఇరవై ఏళ్ళ ఒక పిల్లకే. తన పేరు పెట్టుకుని తిరుగుతున్న ఆ పిల్లంటే రౌషన్‌కి ఒళ్ళు మండింది. తన మీద తనే అసూయపడే ఖర్మ పగవాళ్ళకి కూడా వద్దు.

మధ్యాహ్నం వాలాక కోక్‌పెక్ లోయకి చేరారు. ఇరుపక్కలా ఎర్రరాతి గోడలు, అడుగున సన్నటి నీరు, ఎక్కడో కౌజు పిట్టల కీచులాట. ఇక్కడే రౌషన్ చివరి ఆశ పెట్టుకుంది. గోడలు ఎక్కే పిట్టని జేనెప్‌కి తనే చూపించింది, పెళ్ళికి ముందు, ఈ లోయలోనే. అది కనబడితే అన్నీ అతుక్కుంటాయని ఆమె పిచ్చి నమ్మకం.

కనబడింది. రాతిరంగు చిన్న పిట్ట నిట్టనిలువు గోడ మీద పాకుతూ, ఉన్నట్టుండి రెక్క విప్పింది. లోపలంతా కుంకుమ. మూసింది, రాయి. విప్పింది, కుంకుమ. లోయంతా దానితో కలిసి ఊపిరి తీస్తున్నట్టుంది.

"అక్కా, అదిగో!" అంది రౌషన్ గుసగుసగా, చెయ్యి చాచి. కానుక కోసం కాదు, పేరు కోసం.

జేనెప్ చూసి తల ఊపింది. "ఇది చూశానమ్మా. దీని కానుక ఎప్పుడో ఇచ్చేశాను, మా రౌషన్‌కి."

పిట్ట ఎగిరిపోయింది. రౌషన్ చాచిన చెయ్యి ఒళ్ళో పడేసుకుని బండరాయి మీద కూలబడింది. ఇక అడగడానికేమీ మిగల్లేదు.

జేనెప్ బైనాక్యులర్ దింపింది. ఖాళీ గోడని కాసేపు చూసి, తర్వాత రౌషన్ వైపు తిరిగింది. పిట్టని చూసినట్టే తల కాస్త పక్కకి వంచి, కదిలితే ఎగిరిపోతుందేమోనన్నంత నెమ్మదిగా దగ్గరికొచ్చింది. నుదుటి గీతలు, చెంప మీది మచ్చ, కళ్ళ కింద సంచులు, ఒక్కటి వదలకుండా చూసింది.

"ఎంత చక్కటి ముఖమమ్మా నీది" అంది. "ఇన్నేళ్ళొచ్చాయి, ఇలాంటి ముఖం చూడలేదు నేను."

తలకి కట్టుకున్న తెల్ల రుమాలు విప్పింది. నెరిసిన జుట్టు గాలికి చెదిరింది. రుమాలు మడిచి రౌషన్ ముందు పెట్టి, "తీసుకో. కోరిమ్‌దిక్" అంది.

తోలెగెన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

తీసుకుంటే, అవునక్కా, నువ్వు నన్ను ఇవాళే మొదటిసారి చూశావని ఒప్పుకున్నట్టు. ఇన్నేళ్ళ స్నేహం ఈ బండ మీద వదిలేసి లేచినట్టు. వద్దంటే, ఇప్పుడు ఇంత అపురూపంగా చూసిన చూపు కూడా చూపు కాదన్నట్టు. రౌషన్ ఆ రుమాలు వైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత రెండు చేతులూ చాచి అందుకుంది.

అందుకున్నాక ఇక ఆగలేకపోయింది. కళ్ళ నీళ్ళు కనబడకుండా గోడవైపుకి తిరిగిపోయింది.

"ఇదేం మర్యాద?" అంది జేనెప్ వెనకనుంచి, నిజంగానే నొచ్చుకుని. "కానుక ఇచ్చాను కదా. ఇటు తిరుగు, చూడనీ."

రౌషన్ తిరిగింది. కళ్ళు తుడుచుకోలేదు. ముఖం ఎత్తి, లోయలో వెలుగు ఉన్నంతసేపూ కదలకుండా కూర్చుంది.