ఉల్లివేరు పేజీ

బేరమంటే నాదే బేరం. బియస్సీ చదివే రోజుల్లో ఒక్క జాకెట్టు గుడ్డ ఇచ్చి, ఒక ల్యాబు ప్రయోగం మొత్తం తప్పించుకున్నాను. అంత లాభసాటి వ్యవహారం మా ఇంటావంటా లేదని కొన్నాళ్ళు మురిసిపోయాను. నిన్న మా కోడలు వంటింట్లో వెనిగర్ సీసా మూత తీసింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే విజయవాడలో మా కాలేజీ ల్యాబు, ఉల్లివేర్లకు పట్టించే, అదే వాసన వేసే ఎర్రరంగు, ఆ రంగంటిన వేళ్ళతో మా బోటనీ లెక్చరర్ కామేశ్వరి మేడం వరుసగా గుర్తొచ్చారు.

డెబ్బైల నాటి మాట. మాది వన్‌టౌన్‌లో మంగళగిరి బట్టల కొట్టు. పెళ్ళిళ్ళ సీజన్లో నాన్నకు సాయం కూర్చుని ఉల్లివేరు ప్రయోగం ఎగ్గొట్టాను. జాకెట్టు గుడ్డకు దొరికిన సీనియర్ రికార్డు చూసి నా రికార్డులోకి ఎక్కించాను. అసలైన అంకెల దగ్గర నూనె మరక! కణవిభజనలో ఏ దశలో ఎన్ని కణాలున్నాయో కనపడలేదు. చేతికొచ్చినవి వేసి మొత్తం వంద చేశాను. రికార్డు మీద మేడం సంతకం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. గడువు ఇంకో వారం.

మేడం పామర్రు నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. పెద్దగా నవ్వరు, కోప్పడరు. బట్ట నాణ్యం చూసేవాళ్ళలా ఒక్కో పేజీ తిప్పి, ఉల్లివేరు పేజీ దగ్గర ఆగారు.

"అన్నీ పదులూ ఇరవైలే. ఈ ఉల్లిపాయ మీ కొట్లో గుమాస్తాగా చేసిందా అమ్మా?"

"అలాగే వచ్చాయండి."

"ఎక్కణ్ణించి?"

"నూనె మరకలోంచండి," అన్నాను చివరికి. "ఈ ఒక్క పేజీ వదిలెయ్యండి మేడం. మిగతావన్నీ నేను చేసినవేగా."

"బేరమా? మీ కొట్లో అడిగితే ధర తగ్గుతుందేమో. నా దగ్గర పెరుగుద్ది. ఒక్క స్లైడు చాలనుకున్నా. ఇప్పుడు ఐదు."

తర్వాత బల్ల మీద సుద్దతో రెండు గీతలు గీశారు.

"కణం కూడా నకలు రాస్తుంది. రెండుగా విడిపోయే ముందు తన డీఎన్ఏ మొత్తానికీ ఇంకో ప్రతి తీసుకోవాలి. మధ్యలో చెడిపోయిన చోటొస్తే రాత ఆగిపోద్ది. అప్పుడేం చెయ్యాలి?"

"దాటెయ్యాలండి."

"బాక్టీరియాలో అదీ జరుగుద్ది. అక్కడ ఖాళీ వదిలేసి అవతల మళ్ళీ మొదలుపెడుతుంది. తర్వాత పక్కనున్న మంచి ప్రతిలోంచి ముక్క తెచ్చుకుని ఖాళీ పూడ్చుకుంటుంది. ఏ దారీ లేనప్పుడే, చావు తప్పించుకోడానికి, తోచింది రాసేస్తుంది. బతుకుద్దిగానీ ఆ తప్పు పిల్లకణాలకు పోద్ది."

"మళ్ళీ ఎలా మొదలుపెడుతుందండీ?"

"అది ఇంకా సరిగ్గా తెలీదు."

తెలీదని చెప్పిన లెక్చరర్‌ను చూడటం నాకదే మొదలు. ధైర్యం చేసి అడిగాను: "నేను చేసింది ఆ ఆఖరిదేనాండీ?"

"నీకు చావొచ్చిందా?"

నేను రికార్డు మూసి దగ్గరకు లాక్కున్నాను.

"మంచి ప్రతి వెతుక్కో."

"పక్క బెంచీ సుశీల రికార్డాండీ?"

"ఉల్లిపాయ."

కొట్లో గ్లాసు నీళ్ళ మీద ఉల్లిపాయ నిలబెడితే నాన్న, "బట్టలు మానేసి కూరగాయలు పెడదామంటావా?" అన్నాడు. వేర్లొచ్చాయి. మూడు సాయంత్రాలు మేడం తన బస్సు వదులుకుని నా పక్కన కూర్చున్నారు. రంగు పట్టిన వేరుకొనను పలకల మధ్య పల్చగా నొక్కబోతే నా బొటనవేలి బలానికి గాజుపలకలు పగిలాయి, కణాలు నుజ్జయ్యాయి. ఐదో స్లైడులో విడిపోతున్న కణాలు కనపడ్డాయి. లెక్కపెడితే ఒక్క అంకె కూడా పదుల్లో, ఇరవైల్లో లేదు. మేడం సంతకం పెట్టారు. పాత పేజీ చింపబోతే చెయ్యి పట్టుకున్నారు.

"చింపకు. గీత కొట్టి, ఎందుకు కొట్టావో రాయి."

పరీక్ష చెయ్యడానికి వచ్చినాయన ఆ గీత చూసి అడిగాడు. చెప్పాను. మార్కులు కోశాడు. ఫస్టు క్లాసు కొద్దిలో తప్పింది, ఎమ్మెస్సీ సీటు దానితోపాటే పోయింది.

ఆ నష్టాన్ని చాలా ఏళ్ళు మేడం ఖాతాలో రాశాను. ఇప్పుడు సరిగ్గా చూస్తే క్లాసు, సీటు పోయిన నష్టం నా పేరు మీదే ఉంది. రికార్డు మేడం చేతికివ్వడానికి ఒక్క రోజు ముందు నా అంతట నేనే నిజం చెప్పి ఉంటే రెండూ దక్కేవేమో. మిగిలిందేమిటంటే, నాన్న తర్వాత నా చేతికొచ్చిన కొట్లో నేతలో లోపమున్న చీరను ఆ మడత పైకి పెట్టే చూపిస్తాను. అందువల్ల పోయిన బేరాలు తక్కువేం కాదు. ఇక ఆ మూడు సాయంత్రాలు. వాటికి మేడంకు కృతజ్ఞతలు చెప్పానో లేదో ఎంత తలచుకున్నా గుర్తురావడం లేదు. చెప్పాననే రాసెయ్యొచ్చు, కాదనేవాళ్ళెవరూ లేరు. ఆ చోటు ఖాళీగానే ఉంచుతున్నాను.