బొంగరం చెప్పిన సినిమా

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆమె మెడలో వేలాడే కార్డు మీద ఉంది కానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమె కూడా ఎవరినో అనుకుని వెనక్కి చూస్తుంది. డయాలసిస్ సెంటర్లో అందరికీ ఆమె బొంగరమే. ఒకచోట నిలబడగా చూసినవాళ్లు లేరు. నిలబడక తప్పకపోతే మడమ ఆడిస్తుంది. మడమ ఆడించే వీలు లేకపోతే పెన్ను మూత తీసి పెడుతూ ఉంటుంది. పెన్ను లాక్కుంటే జడ కొస తిప్పుతుంది. "నిన్ను కన్నప్పుడు మీ అమ్మ బస్సులో గానీ ఉందా?" అని డ్రైవర్ బాబాయ్ అడిగితే, "ఆటోలో బాబాయ్, అదీ గతుకుల రోడ్డు మీద" అనేసి పక్క మంచం దగ్గరికి పోయింది.

అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం చూడండి! కదలకుండా పడుకోవాల్సినవాళ్లను కనిపెట్టుకుని ఉండటం. చేతికి రెండు సూదులు. ఒకదాంట్లోంచి రక్తం మిషన్లోకి పోతుంది, శుభ్రపడి రెండోదాంట్లోంచి ఒంట్లోకి వస్తుంది. చెడిపోయిన కిడ్నీలు చేయని పని ఆ మిషన్ చేస్తుంది. వారానికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగ్గంటలు, బతికున్నన్నాళ్లూ. ఆ నాలుగ్గంటలూ గడవడానికి ప్రతి మంచం పక్కనా ఇనప కడ్డీకి బిగించిన చిన్న టీవీ ఒకటి ఉంది.

సినిమాలు చెప్పడం డ్రైవర్ బాబాయ్‌తో మొదలైంది. జీవితమంతా బస్సులు నడిపిన మనిషి. తొలిసారి వచ్చినప్పుడు గంట తిరక్కముందే "పీకెయ్, నేను పోతా" అంటూ సూదుల మీదికి చెయ్యి పోనిచ్చాడు. బొంగరం ఆ చెయ్యి పట్టుకుని, మరో చేత్తో ఒక లారీ సినిమా పెట్టింది. "వీడు లారీ నడిపేది నిజమో అబద్ధమో మీరే చెప్పాలి బాబాయ్" అంది. ఇంకేముంది, మిగతా మూడు గంటలూ ఆయన హీరోని తిడుతూ కూర్చున్నాడు. ఘాట్ రోడ్డు మీద ఆ గేరేమిటన్నాడు, వీడికి లైసెన్సు ఇచ్చినవాణ్ణి ఉరి తీయాలన్నాడు. సూదులు తీస్తుంటే "అప్పుడే అయిపోయిందా?" అని అడిగాడు.

అది చూసి పక్క మంచం వాళ్లు "నాకూ ఒకటి చెప్పమ్మా" అన్నారు. ఆ తర్వాత అదే అలవాటైపోయింది. సూది గుచ్చే ముందు బొంగరం "ఇవాళ మనసెలా ఉంది?" అని అడుగుతుంది. జవాబు విని, మొహం చూసి, బీపీ చూసి సినిమా చెబుతుంది. దానికి ఆమె పెట్టుకున్న పద్ధతులు చాలా ఉన్నాయి. ఇంట్లో గొడవపడి వచ్చినవాళ్లకు అత్తాకోడళ్ల సినిమా చెప్పదు. బీపీ ఎక్కువుంటే కోర్టు సినిమాలు పనికిరావు. పొట్ట చెక్కలయ్యే కామెడీ ఎవరికీ చెప్పదు. నవ్వితే చెయ్యి కదులుతుంది, చెయ్యి కదిలితే మిషన్ అరుస్తుంది. కాబట్టి ముసిముసి నవ్వులతో సరిపెట్టుకోవాలి. వాన పాటలున్న సినిమాల పేరు కూడా ఎత్తదు. ఒంట్లో నీరు పేరుకోకుండా గుక్కలు లెక్కపెట్టుకుని నీళ్లు తాగేవాళ్ల ఎదుట ఒక పిల్ల నోరు తెరుచుకుని వానలో గిరగిరా తిరుగుతుంటే వాళ్ల ప్రాణం ఎంత ఉసూరుమంటుందో బయటివాళ్లకు తెలియదు. లెక్కల మాస్టారికి మాత్రం మనసు ఎలా ఉన్నా ఒకటే మందు, దొంగలు పథకం వేసే సినిమా. వాళ్ల పథకంలో తప్పులు పట్టుకుంటూ ఆయన హాయిగా ఉంటాడు.

ఇంతమందికి ఇన్ని సినిమాలు చెప్పిన బొంగరం, ఒక్క సినిమా కూడా పూర్తిగా చూసి ఎరగదు. నవ్వకండి, నిజమే. ఇంటర్వెల్ కాగానే లేచిపోతుంది. ఇంట్లోనైతే గిన్నెలు గుర్తొస్తాయి, హాల్లోనైతే కాళ్లు పీకుతాయి. మొగుడు ఆమెను సినిమాకు తీసుకెళ్లడం మానేసి చాలాకాలమైంది. ముగింపులు ఆమె పేషెంట్ల దగ్గరే సంపాదిస్తుంది. సూదులు తీస్తూ, "చివర్లో మీకేమనిపించింది?" అని తెలిసినదానిలా అడుగుతుంది. వాళ్లు చెప్పేదాంట్లో సగం వింటుంది. ఈలోపు ఏదో ఒక మిషన్ కుయ్యిమంటుంది, మిగతా సగం గాలికి పోతుంది. అబద్ధమాడాలని ఆమెకు లేదు, అడిగినవాళ్లు లేరు కాబట్టి చెప్పలేదు. సినిమాలు చెప్పే మనిషి వాటిని చూసే ఉంటుందని ఎవరైనా అనుకుంటారు కదా!

కిటికీ పక్క మంచం టైలర్ పిన్నిది. ఆ సెంటర్లో అందరికంటే పాత పేషెంటు ఆమే. వచ్చినవాళ్లందరి బట్టల కుట్లలోనూ తప్పులు ఎంచుతుంది. బొంగరం యూనిఫామ్ చంక దగ్గర పట్టుకుని, "ఇది కుట్టినవాడు కోపంలో ఉన్నాడే" అంటుంది. ఈమధ్య ఆమె ఎంచడం తగ్గించింది. ఒకరోజు డాక్టరమ్మ ఆమె కోడల్ని వరండాలోకి పిలిచి ఏదో మాట్లాడింది. పిన్ని తలుపు అద్దంలోంచి చూసింది. కోడలు తల దించుకుని లోపలికొచ్చి, "ఏం లేదత్తయ్యా" అంది. ఏం లేదంటే ఏదో ఉందని ఎవరికి తెలియదు?

ఆ తర్వాత వచ్చినప్పుడు బొంగరం మామూలుగానే అడిగింది.

"ఇవాళ మనసెలా ఉంది పిన్నీ?"

"ఒక్కచోట ఉండబుద్ధి కావట్లేదే. ఎటైనా పోవాలనుంది."

బొంగరానికి ప్రాణం లేచొచ్చింది. తనకు పుట్టుకతో ఉన్న రోగం ఇంకొకరి నోటివెంట వింటే ఆ ఆనందమే వేరు. "అయితే ఆ కొండల సినిమా చూడండి. ఒకాయన ఇల్లు వదిలేసి తిరుగుతూ పోతాడు. అచ్చం మీకోసమే తీసినట్టుంటుంది. ఇవాళే చూడండి" అని తనే పెట్టి, దుప్పటి సర్ది వెళ్లిపోయింది. తను చూసిన సగంలో ఆ పెద్దమనిషి దారిలో కనిపించినవాళ్లందరితో కబుర్లాడతాడు, ఒక మంగలితో పందెం కాసి గుండు గీయించుకుంటాడు. సరదాగా ఉంది. ఇంటర్వెల్లో ఆమె లేచి బట్టలు ఆరేసుకుంది.

సూదులు తీసేటప్పుడు పిన్ని దూది అదిమి పట్టుకుని కూర్చుంది. "బాగుందా పిన్నీ?" అంటే, "బాగుంది. నువ్వు చెప్పింది అర్థమైందిలే" అంది. పోతూ పోతూ బొంగరం చెంప నిమిరింది. ఇంత మంచి పేరు ఈమధ్య ఏ సినిమాకూ రాలేదని బొంగరం పొంగిపోయింది.

తర్వాతిసారి కిటికీ పక్క మంచం ఖాళీ. ఫోన్ చేస్తే, "అత్తయ్యకు కొంచెం నలతగా ఉందట, ఈసారికి రానంది" అని కోడలు చెప్పింది. డయాలసిస్ మనిషికి నలతగా ఉంటే రావాలి గానీ మానకూడదు. బొంగరం మళ్లీ చేసింది, మళ్లీ చేసింది. ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాతిసారీ మంచం ఖాళీగానే ఉంది. ఆ రోజు బొంగరం కాలు కాలిన పిల్లే. బీపీ ఎక్కువున్నాయనకు కోర్టు సినిమా పెట్టింది, డ్రైవర్ బాబాయ్‌కి అత్తాకోడళ్ల సినిమా పెట్టింది. కిటికీ దాకా పోవడం, రోడ్డు చూడటం, వెనక్కి రావడం.

"కాస్త ఆగమ్మా, నిన్ను చూస్తే నాకు కళ్లు తిరుగుతున్నాయి," అన్నాడు లెక్కల మాస్టారు. "ఆవిడ చివరిసారి వచ్చినప్పుడు బాగానే ఉందా?"

"బాగానే ఉంది మాస్టారూ. కొండల సినిమా చూసింది. బాగుందని కూడా అంది."

మాస్టారు కళ్లద్దాలు తీశాడు. "ఏదీ, ఆ గుండాయన సినిమానా? అది ఆవిడకి చూపించావా?"

"ఏం, చూపిస్తే?"

"ఏమంటావేమిటమ్మా! చివర్లో వాడు మందులన్నీ ఏట్లో పారేసి, వైద్యం మానేసి, కొండెక్కి ఎండలో కూర్చుని నవ్వుతూ చచ్చిపోతాడు కదా! వెనకాల వేణువు కూడాను. నువ్వు చూడలేదా?"

వైద్యం మానేస్తే ఒంట్లో నీరు ఎలా పేరుకుంటుందో, ఊపిరితిత్తుల్లోకి ఎలా ఎక్కుతుందో, మనిషి పడుకోలేక ఎలా లేచి కూర్చుంటాడో బొంగరం కళ్లారా చూసింది. అక్కడ వేణువులేమీ వినిపించవు. డ్యూటీ అయ్యేదాకా ఆగలేక, తోటి టెక్నీషియన్‌కు మంచాలు అప్పజెప్పి రోడ్డు మీద పడింది.

పిన్ని కొట్లోనే ఉంది. కుట్టు మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. సగం కుట్టిన జాకెట్లన్నీ ఎవరివి వాళ్లకు వేరు చేసి మూటలు కడుతోంది. మొహం ఉబ్బింది, పాదాలు ఉబ్బాయి. రెండు మాటలకొకసారి ఆగి గాలి పీల్చుకుంటోంది.

"వచ్చావా? కూర్చో."

"కూర్చోను. మీరే లేవండి. ఆటో పిలుస్తాను, సెంటర్‌కి పోదాం."

"ఎందుకే? నువ్వేగా చెప్పావు!"

"నేనేం చెప్పాను?"

పిన్ని మూట ముడి బిగించింది. "డాక్టరమ్మ కోడలితో చెప్పింది, అది నా దగ్గర దాచింది. నాకు చెప్పే ధైర్యం ఎవరికుంది? నువ్వు సినిమా పెట్టి చెప్పావు. అందులోనూ అంతేగా, డాక్టర్లు దాస్తే నర్సు చెబుతుంది, 'ఇంక మీ ఇష్టం వచ్చినట్టు బతకండి' అని. మీకోసమే తీసినట్టుందన్నావు. ఇవాళే చూడమన్నావు. నన్ను పొమ్మంటున్నావని అర్థమైంది. నాకేం కోపం లేదే. నువ్వు కాబట్టి అంత మెత్తగా చెప్పావు."

తన చెంప నిమిరిన చెయ్యి అప్పుడు వీడ్కోలు చెప్పిందని ఇప్పుడర్థమై బొంగరానికి ఏడుపు తన్నుకొచ్చింది.

"నేను పొమ్మనలేదు పిన్నీ. ఆ సినిమా చివర నేను చూడలేదు. నర్సు ఉందని కూడా నాకు తెలీదు."

"ఇప్పుడు ఇలా కాక ఇంకేమంటావులే."

"ఒట్టు పిన్నీ! నేను ఏ సినిమా పూర్తిగా చూడను."

"ఊరుకోవే. ఊరందరికీ సినిమాలు చెప్పే మనిషివి." పిన్ని ఆగి గాలి పీల్చుకుంది. "సరే, చెప్పు చూద్దాం. బాబాయ్ లారీ సినిమాలో చివరికి లారీ ఏమవుతుంది?"

బొంగరం జడ కొస పట్టుకుంది. "అమ్మేసి... హోటల్ పెడతాడు."

"లోయలో పడి తగలబడుతుంది. మాస్టారి దొంగల సినిమాలో సొమ్ము ఎవరికి దక్కుతుంది?"

"ఆ సన్నవాడికి."

"సన్నవాడు పోలీసే, మొద్దూ! పోనీ, ఆ అక్కాచెల్లెళ్ల సినిమా? చూసి ఏడ్చానన్నావు. చివరికి ఎవరు మిగులుతారు?"

బొంగరం చాలాసేపు ఆలోచించింది. తప్పు చెబితేనే పిన్ని బతుకుతుందని ఆ క్షణంలో ఆమెకు తట్టనే లేదు. సరైన జవాబు చెప్పి నమ్మించాలని నిజంగానే తంటాలు పడింది.

"ఇద్దరూ," అంది ఆశగా.

పిన్ని చేతిలో మూట వదిలేసింది. "ఇద్దరూ చచ్చిపోతారే! ఏ సగం చూసి ఏడ్చావే నువ్వు?"

"మొదటి సగం. చిన్నప్పుడు తప్పిపోతారు కదా..."

పిన్నికి నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆయాసమైంది. బొంగరం వీపు రాస్తూ నిలబడింది. ఆయాసం తగ్గాక పిన్ని కళ్లు తుడుచుకుని, "మిగతా సగం ఎందుకు చూడవే?" అని అడిగింది.

"ఇంటర్వెల్ దాకా ఎవరూ చావరు పిన్నీ."

అది విని పిన్ని ఇంక నవ్వలేదు. "అయితే డాక్టరమ్మ కోడలితో ఏం చెప్పింది?"

"మీరు దొంగచాటుగా నీళ్లు తాగుతున్నారని. చెంబు దాచమని."

"అదా!" పిన్ని మొహంలో కోపం చూసి బొంగరానికి ఎక్కడలేని ఊరట కలిగింది. "దానికి అంత రహస్యమా! ఇంటికెళ్లాక దాని పని చెప్తా." మళ్లీ గొంతు తగ్గింది. "నిజం చెప్పు. నాకింకా టైముందా?"

"ఎంతుందో నాకు తెలీదు పిన్నీ. తెలిస్తే సినిమా పెట్టి చెప్పను. మీ మొహం చూసే చెప్తాను."

పిన్ని బల్ల అంచు పట్టుకుని లేచింది. ఉబ్బిన పాదాలకు చెప్పులు పట్టలేదు. బొంగరం వాటిని చేతిలో పట్టుకుని, పిన్ని చేతిని తన భుజం మీద వేసుకుంది. ఇద్దరూ మెల్లగా గడప దాటారు. పిన్ని బరువంతా తన మీద ఉండటంతో బొంగరం ఎంత వేగంగా నడవాలనుకున్నా కుదరలేదు.

మెట్టు మీద పిన్ని ఆగింది. "ఆ రోజంటూ వస్తే, నిలబడి హడావిడిగా చెప్పి పారిపోకు. నా పక్కన కూర్చుని చెప్పు."

"కూర్చునే చెప్తాను పిన్నీ," అంది బొంగరం. చెప్పులున్న చేతినే పైకెత్తి ఆటోను ఆపింది.