పదేళ్ల గడువు పెట్టిన పుస్తకం

పదేళ్లలో వాతావరణం ఉన్నట్టుండి తలకిందులవుతుందని నా చేతిలోని పుస్తకం చెబుతోంది. నేనెక్కిన చిత్తూరు బస్సుకు తిరుపతి నుంచి చంద్రగిరి దాటడానికే గంట పట్టింది.

పక్క సీట్లో ఐరాల వైపు మామిడి రైతు. అట్ట మీది ఎండిన చెట్టును చూసి, "ఏం రాసినాడప్పా?" అన్నాడు. చెప్పాను.

"నా కొడుకూ ఇట్లాంటిదే సదివి తోట కొట్టేద్దామంటాడు. రేపు రంపాలోళ్లు వస్తారు. ఈ రాసినాయన పూత ఎన్నేండ్లు సూసినాడు?"

వెనక పేజీలు తిప్పాను. ఆధారాలు ఉండాల్సిన చోట రచయిత ఫొటో ఉంది, నవ్వుతూ.

"పూతొచ్చిన రోజు ఏటేటా మోటారు రూము గోడ మీద రాస్తా ఉండా. రానురానూ లేటవతా ఉండాది, అది అబద్ధం కాదు. అయితే ఒక్క ఏడూ నిలిచిపోలా. కొట్టేయమంటావా?"

పుస్తకం మూసేశాను.

"తోట సంగతి నాకు తెలీదు పెద్దాయనా. ఈ పుస్తకాన్ని నమ్మి మాత్రం కొట్టొద్దు."

ఆయన కొడుక్కి ఫోన్ చేశాడు. "రంపాలోళ్లను రావద్దను. ఈ ఏడు పూత సూస్తాం."

కాణిపాకం క్రాసులో దిగిపోయాడు. పూత వచ్చిందో లేదో నాకు తెలియదు. మామిడి పూసే రోజుల్లో ఆ దారిన వెళ్తే కిటికీ పక్క సీటే వెతుక్కుంటాను.