క్యాసెట్టుకి రెండో వైపు

మా అత్తగారి గొంతు ఖంగుమంటుంది. కావాలంటే కువైట్‌లో మా ఆయన గదిలో ఉన్నవాళ్ళని అడగండి, నెలనెలా వినేవారు. తొంభైల్లో ఫోను చెయ్యాలంటే రాజోలు వెళ్ళి బూత్ ముందు పడిగాపులు పడాలి. అంచేత ఇంటి కబుర్లన్నీ క్యాసెట్టులోనే వెళ్ళేవి. ముందుగదిలో చాప పరిచి, టేప్ రికార్డర్ చుట్టూ చేరి అందరూ వరసగా మాట్లాడేవారు. నా వంతు ఆఖర్న. "బాగున్నానండి, వేళకి తినండి" అనేసరికి అత్తగారి వేలు బటన్ మీద పడేది.

పాప పుట్టాక నేను బాగోలేను. నిద్ర లేదు. కంచం ముందు కూర్చుంటే ఏడుపు. ఎందుకేడుస్తున్నానో నాకే తెలియదు. అత్తగారికి మాత్రం తెలిసిపోయింది, పిచ్చి అని. పాప పాలు తాగడం అయిందో లేదో లాక్కుని తన గదిలోకి తీసుకుపోయేది.

ముందు రాజోల్లో ఒక పెద్ద డాక్టరుకి చూపించారు. కౌన్సెలింగ్ అని చెప్పి అంతసేపూ ఆయనే మాట్లాడాడు. మొగుడు అంతదూరంలో కష్టపడుతున్నాడు, సర్దుకుపోవాలి, నవ్వుతూ ఉండాలి అన్నాడు. అత్తగారు పక్కనే కూర్చుని తలూపింది. ఆ వైద్యం ఆవిడకి బాగా పనిచేసింది.

నేను మరీ చిక్కిపోయేసరికి, నలుగురూ ఏమంటారోనని అమలాపురం తీసుకెళ్ళారు. అక్కడికి ఆదివారాలు ఒక మానసిక వైద్యురాలు వచ్చేవారు. ఆవిడ చేసిన మొదటి పని మా అత్తగారిని బయట బల్ల మీద కూర్చోబెట్టడం. అందుకు ఆ డాక్టరుగారికి ఇప్పటికీ దణ్ణం పెడతాను. సలహాలు చెప్పేవారు కాదు, ఏడుస్తుంటే ఆపమనేవారు కాదు, వినేవారు.

ఒక ఆదివారం నా ఎదురుగా ఖాళీ ప్లాస్టిక్ కుర్చీ వేసి, "ఇందులో మీ అత్తగారున్నారనుకుని, అనాలనుకున్నవన్నీ అనేయండి" అన్నారు. నేను చటుక్కున లేచి నిలబడి పైట సర్దుకున్నాను.

"కూర్చోండమ్మా."

"అత్తయ్యగారి ముందు కూర్చోనండి."

"ఆవిడ లేరు కదా!"

"ఆయ్, లేరండి" అన్నానే గాని కూర్చోలేదు. చివరికి నా నోట్లోంచి వచ్చిన మాట, "కాఫీ తెమ్మంటారాండీ" అని. డాక్టరుగారు నవ్వలేదు. నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది.

ఆ నెల క్యాసెట్టులో అత్తగారు నా ఎదుటే మా ఆయనకి ఇలా చెప్పింది. "ఒరే నాన్నా, దానికి మతి చెడిందిరా. పుట్టింటికి పంపేస్తాం. పాపని మేం పెంచుకుంటాం. నువ్వు ఊఁ అంటే చాలు." నా వంతు రానివ్వలేదు. "నీకెందుకమ్మా, పోయి పడుకో" అని టేపు ఆపేసింది. పక్కగదిలో నా పిల్ల ఏడుస్తోంది, పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోతోంది, నేను వెళ్ళి పడుకోవాలట!

మర్నాడు అమలాపురం వెళ్ళేటప్పుడు ఆ క్యాసెట్టు నా సంచిలో తువ్వాలు కింద ఉంది. "కుర్చీతో నావల్ల కాదండి, టేపుకైతే చెప్తాను" అన్నాను. డాక్టరుగారు సరేనని టేప్ రికార్డర్ తెప్పించారు.

"ఇది ఎవరికీ పంపడానికి కాదమ్మా. కోపం బయటికి రావడానికే. తర్వాత చెరిపేయండి."

"ఆయ్" అన్నాను. రెండో వైపుకి తిప్పి పెట్టాను. పాపని ఎలా లాక్కుంటోందో, ఆయన పంపిన పాలపిండి డబ్బాలు ఎవరింటికి వెళ్ళాయో, వచ్చినవాళ్ళందరికీ నన్ను ఎలా వేలుపెట్టి చూపిస్తోందో, అన్నీ చెప్పాను. కూర్చునే చెప్పాను. ఎందుకేడుస్తున్నానో తెలియదన్నాను కదా, ఆవేళ తెలిసింది.

ఇంటికి రాగానే క్యాసెట్టు తీసినచోటే పెట్టేశాను. పక్క ఊరాయన కువైట్ వెళ్తుంటే, దాన్ని అత్తగారే పూతరేకుల పెట్టెలో సర్ది ఆయన చేతికిచ్చింది. "జాగర్తండి, మావాడు దీనికోసం కాచుక్కూర్చుంటాడు" అంది. గుమ్మం పక్కన నిలబడి కళ్ళారా చూశాను. తర్వాతి ఆదివారం డాక్టరుగారు చెరిపేశారా అని అడిగితే, "మా అత్తయ్యగారు తీసేసుకున్నారండి" అన్నాను. అబద్ధం కాదు కదా. కానీ మా ఆయన నన్ను నమ్మకపోతే నా పిల్ల నాకు దక్కదని భయం.

మా ఆయన జవాబు క్యాసెట్టు వచ్చింది. అందరూ చాప మీద చేరారు. ఆయన అందరినీ పేరుపేరునా పలకరించాక గొంతు మార్చాడు. "అమ్మా, రెండో వైపు కూడా గదిలో అందరం కలిసే విన్నాం. అందరూ మనవైపు వాళ్ళే. నా తల కొట్టేసినట్టయింది. పాపని దాని తల్లి దగ్గర్నుంచి ఎవరైనా తీసేరంటే ఊరుకోను..."

అత్తగారి చెయ్యి బటన్ మీదకి వచ్చింది. అక్కడ అప్పటికే నా చెయ్యి ఉంది.

"ఉండండి అత్తయ్యగారూ, ఇంకా ఉందండి" అన్నాను. అయిపోయాక వెనక్కి తిప్పి మళ్ళీ మొదట్నుంచీ పెట్టాను. ఆవిడ లేవబోయింది. "కూర్చోండి" అన్నాను. కూర్చుంది.

రెండువేల సంవత్సరం తర్వాత టీవీల్లో చాలామంది, క్షమిస్తేనే మనసు కుదుటపడుతుందని చెప్పగా విన్నాను. ఏమో! నాకు మాత్రం ఆవిడ రెండోసారి విన్న రోజునే, పాపని పక్కలో వేసుకోగానే నిద్ర పట్టింది.