పైడయ్య తొలి ముద్ద

పైడయ్య వండిన కూర ఎట్లా కుదిరిందో అందరికంటే చివర తెలిసేది పైడయ్యకే. బంతులన్నీ లేచి, ఆకులు ఎత్తేసిన తర్వాత గానీ ఆయన మెతుకు ముట్టేవాడు కాదు. ఉప్పు సరిపోయిందా అని అడిగితే గంజు మీదికి వంగి ఆవిరి పీల్చేవాడు, గంటెడు ఎత్తి రంగు చూసేవాడు, అంతే. వడ్డించకముందు వంటవాడి నాలుక తగిలితే గంజంతా ఎంగిలి అని పని నేర్పిన గురువు చెప్పాడట. ఆ ఒక్క మాటను పట్టుకుని మనిషి ఇరవై ఏళ్లు వండాడు.

ఆయనది విజయనగరం దిక్కు. అక్కడ పంటలు ఎండిపోయిన ఏడు భార్య నిర్మలను వెంటబెట్టుకుని రఘునాథపల్లిలో రైలు దిగాడు. మొదట హోటల్లో గిన్నెలు కడిగాడు, తర్వాత పొయ్యి దగ్గరికి చేరాడు. నాది టెంట్ హౌస్. వంట గంజులు కిరాయికి తీసుకునేవాళ్లకు పైడయ్యను కూడా తీసుకపొమ్మని నేనే చెప్పేవాణ్ని. ఇటు జనగామ నుంచి అటు దేవరుప్పుల దాకా ఆయన చెయ్యి పడని పెండ్లి లేదు. బగార అన్నం మా అవ్వల కంటే బాగా వండేవాడు. ఊరంతా మన పైడన్న అనేది. ఆ 'మన' ఎంత పల్చటిదో అప్పటికి ఎవరికీ తెలియదు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బడులు బంద్, బస్సులు బంద్, హైదరాబాద్ రోడ్డు మీద వంటావార్పు. మా కోపం ఉత్త కోపమేమీ కాదు. మా నీళ్లు పోయాయి, కొలువులు పోయాయి, సినిమాల్లో మా మాటను రౌడీల నోట్లో పెట్టి ఏండ్ల తరబడి నవ్వుకున్నారు. ఆ కోపం నాకూ ఉంది, ఇప్పటికీ తగ్గలేదు. కానీ అత్త మీది కోపం దుత్త మీద తీర్చుకునే బుద్ధి కూడా మాకే ఉంది, అది దాచిపెడితే ఎట్లా.

వంటావార్పుకు పెద్ద కట్టయ్య. పత్తి రైతు, మైకు లేకున్నా ఊరవతలికి వినబడే గొంతు. పులిహోర, సాంబారు వండమని పైడయ్యను పిలిచింది ఆయనే. మన ఊరి పని అని పైడయ్య సంబరంగా పోయాడు. సల్ల మాత్రం ఆయన చెయ్యలేదు. పెరుగు, నీళ్లు పోసి దాన్ని ఊరి పిల్లగాళ్లు ఒక నీలం డ్రమ్ములో కలిపారు. డ్రమ్ము కట్టయ్య ఇంటి నుంచి వచ్చింది.

మొదటి బంతి లేవకముందే కొందరికి వాంతులు మొదలయ్యాయి. వాళ్లను ఆటోల్లో జనగామ దవాఖానకు తోలారు. వండింది ఎవడని ఎవరో అడిగారు. వండింది ఎవరో అందరికీ తెలుసు, తెలిసి అడిగిన ప్రశ్న అది. మన పైడన్న అక్కడికక్కడే ఆంధ్రోడు అయ్యాడు. వాడి తమ్ముడు పోలీసుల్లో ఉన్నాడని ఒకడన్నాడు. వాడు ఫోనులో ఎవరితోనో గుసగుసలాడుతుంటే విన్నానని ఇంకొకడన్నాడు. పైడయ్యకు తమ్ముడే లేడు. ఫోనులో మాట్లాడింది వాళ్లమ్మతో.

ఆ రోజు నేను హన్మకొండలో ఉన్నాను. ఊళ్లో ఉంటే ఏం పొడిచేవాణ్నో నాకూ తెలియదు గానీ, చూసినవాళ్లు చెప్పింది ఇది. కట్టయ్య ఒక ఇస్తరాకు తెచ్చి రోడ్డు మీద వేశాడు.

"తిను. అందరి ముందట తిను. నీకేం గాకపోతె నిన్నెవ్వలేమనరు" అన్నాడు.

ఇంకా సగం మంది తినాల్సి ఉంది, నేను ముందు తింటే మిగిలిందంతా ఎంగిలవుతుందని పైడయ్య మెల్లగా చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్లకు అది సాకులాగే వినబడింది. చూసిన్రా, తినడట అన్నారు. అప్పుడు కూర్చున్నాడు. ఒక్కొక్క గంజులోంచి వడ్డించినకొద్దీ తిన్నాడు. సల్ల డ్రమ్ము సంగతి ఎవరికీ తట్టలేదు. కండ్లల్లో నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు, చెయ్యి ఎంగిలిది కదా. ఎండలో, తార్రోడ్డు మీద, ఒక మనిషి అన్నం తింటుంటే ఊరు నిలబడి చూసింది. ఆయనకేమీ కాలేదు. ఏ గంజులో కలిపాడో వాడికి ఎరుకే కదా, అది విడిచి తిన్నాడు అన్నవాళ్లూ ఉన్నారు.

వాంతులైనవాళ్లు పొద్దుగూకేసరికి తేరుకుని ఇండ్లకు వచ్చారు. డ్రమ్ము కూడా ఇంటికి వచ్చింది. దాన్ని చూసి కట్టయ్య భార్య భాగ్యమ్మ నెత్తి కొట్టుకుంది. అది పత్తికి పురుగుమందు కలిపే డ్రమ్ము. బర్ల కొట్టం వెనక వేరేగా పెట్టినదాన్ని పిల్లగాళ్లు తెలియక ఎత్తుకపోయారు. భాగ్యమ్మ తెల్లారి పైడయ్య ఇంటికి పోయి, తప్పు మా డ్రమ్ముది పైడన్నా అని, నిర్మల ముందు ఏడ్చింది. ఆమెకున్నపాటి సిగ్గు ఊళ్లో ఇంకొకరికి లేకపోయింది.

పైడయ్య కట్టయ్య దగ్గరికి పోయి ఒక్కటే అడిగాడు. ఇందులో పైడయ్య తప్పు లేదని నలుగురి ముందు ఒక్క మాట చెప్పమన్నాడు. కట్టయ్య ఆయన భుజం మీద చెయ్యేశాడు.

"ఇప్పుడు చెప్తె ఉద్యమం బద్నామైతది పైడన్నా. తెలంగాణ రానీ. అందరి ముందట నేనే చెప్త."

ఆ రోజుల్లో మాకు ఉద్యోగం, నీళ్లు, మంచి రోడ్డు అన్నీ తెలంగాణ వచ్చినంకనే. ఈ మాట కూడా ఆ మూటలో పడింది.

పైడయ్య ఎదురుచూశాడు. ఈలోపు బతకాలి కదా, వంట మానలేదు. కానీ ఏ పెండ్లికి పోయినా బంతి వెయ్యకముందే ఇంటివాళ్లను పిలిచి, ఆకు వేసుకుని, ప్రతి గంజులోంచి ఒక ముద్ద తీసి వాళ్లు చూస్తుండగా తినడం మొదలుపెట్టాడు. మొదట్లో అందరూ వద్దు వద్దన్నారు. తర్వాత అలవాటు పడ్డారు. ఎదుటివాడి అవమానం అలవాటు కావడానికి మనకు రెండు మూడు పెండ్లిళ్లు చాలు. చివరికి పైడయ్య తినంది కూర్చోవడానికి జంకేవాళ్లు కూడా తయారయ్యారు. ఆయన ఆవిరి పీల్చడం మానేశాడు, ఎట్లాగూ నాలుక పెడుతున్నాడు కదా. నిజం చెప్పాలంటే ఆ వంటలో మునుపటి రుచి కూడా పోయింది.

తెలంగాణ వచ్చింది. రంగులు చల్లుకున్నాం, పటాకులు కాల్చాం. లడ్డూలు పైడయ్యే చేశాడు. కట్టయ్య మైకులో చాలాసేపు మాట్లాడాడు, డప్పు కొట్టినవాళ్ల పేర్లు కూడా మరవకుండా చదివాడు. పైడయ్య లడ్డూల పళ్లెం పట్టుకుని ఆ మైకు పక్కనే నిలబడి ఉన్నాడు. సభ అయిపోయింది.

మరుసటి ఏడు కట్టయ్య బిడ్డ పూజ పెండ్లి. పిల్లగానిది మహబూబాబాద్. వంటకు పైడయ్యనే పిలిచారు. నిర్మల పోవద్దంది. ఊరంతా వస్తుంది, ఇవాళైనా చెప్తాడేమో అని ఆయన పోయాడు. గంజుల వెంట నేనూ ఉన్నాను.

బంతికి ముందు పైడయ్య ఆకు వేసుకున్నాడు. కట్టయ్య ఉరికి వచ్చాడు.

"ఇయ్యాల వద్దు పైడన్నా, వియ్యపోళ్లు చూస్తున్నరు. నువ్వు ముందుగాల తింటె ఎంగిలైతది."

ఎంగిలి సంగతి కట్టయ్యకు ఆ రోజు గుర్తుకొచ్చింది. నాకు ఒళ్లు మండింది. పైడయ్యకు మాత్రం కోపం రాలేదు. మనసు కలత పడితే ఆయనకు పాత ఊరి మాట వచ్చేది.

"తినకుండా వడ్డిస్తే, రేపు ఎవరికైనా కడుపు నొస్తే నాను ఏ ఊరెల్లాల బాబూ?" అన్నాడు.

అంతలో వియ్యంకుడు నవ్వుకుంటూ వచ్చాడు. వంటాయన ముందు తినడం ఎక్కడా చూడలేదు, ఇదేం పద్ధతని మర్యాదగానే అడిగాడు. చుట్టూ ఊరి పెద్దలంతా ఉన్నారు. భాగ్యమ్మ మొగుడి మొహం చూసింది. పైడయ్య ముద్ద కలిపి, చేతిలో పట్టుకుని, కట్టయ్య నోటి దిక్కే చూస్తున్నాడు. కావాల్సింది ఒక్క మాట.

"ఏం లేదు బావా" అన్నాడు కట్టయ్య. "గది వాళ్ల దిక్కు ఆచారం."

వియ్యంకుడు నిజమేనా అన్నట్టు పైడయ్యను చూశాడు.

"అవునండి, మా దిక్కు ఆచారమే" అని పైడయ్య ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

మంచి ఆచారం అని మెచ్చుకుని వియ్యంకుడు బంతిలో కూర్చున్నాడు.