రెండు వంటిళ్ల నడుమ కిటికీ

సూర్యాపేటలో మా పక్కింటి పెద్దమ్మ పోయిన నెల కన్నుమూసింది. మిర్యాలగూడలో ఉన్న నాకు అమ్మ ఫోన్ చేసి, "అక్క పోయింది బిడ్డా" అని ఒక్క మాట చెప్పి ఫోన్ పెట్టేసింది. మాకు రక్తసంబంధం లేదు. రెండూ ధాన్యం వ్యాపారుల ఇళ్లు, నడుమ ఒకటే గోడ. అంతే మా చుట్టరికం.

వాళ్ల పాత ఇల్లు చూడ్డానికి అప్పుడప్పుడు ఎవరో ఒకరు వచ్చేవారు. డంగుసున్నం గోడలు, చెక్కడపు పని ఉన్న సింహద్వారం. వచ్చినవాళ్లు ఫోన్లు పట్టుకుని ద్వారం దగ్గరే ఆగిపోయేవారు. పెద్దమ్మ కాసేపు ఓపిక పట్టి, "గాడ ఏమున్నది? లోపలికి రాన్రి" అని తిన్నగా వంటింట్లోకి తీసుకుపోయేది. "దర్వాజ సూస్తె ఈ ఇంటి మొగోళ్లు నలుగుట్ల ఎట్ల కనవడాలనుకున్నరో తెలుస్తది. ఎట్ల బతికిన్రో తెల్వాలంటె వంటిల్లు సూడాలె" అనేది.

అక్కడ చూపించేది ఒక్కటే. వాళ్ల వంటింటికీ మా వంటింటికీ నడుమ గోడలో చిన్న కిటికీ, ఒక గిన్నె పట్టేంత. దాని కింద నల్లటి బండ, మధ్యలో అరిగి గుంట పడింది. మా తాతకూ పెద్దమ్మ మామకూ ఏదో బేరంలో చెడి, చచ్చేదాకా మాటల్లేవు. ఉమ్మడి అరుగు మీద అడ్డగోడ కూడా కట్టుకున్నారు. "అరుగు మీది గోడ సూసినోళ్లు ఈ రెండిండ్లకు పడదనుకుంటరు. మరి గీ బండ ఎట్ల అరిగింది? గాలికి అరిగిందా?" అని నవ్వేది పెద్దమ్మ. పెరుగు తోడు, కాటుక, పండగ బూరెలు, అన్నీ ఆ కిటికీలోంచే దాటాయి. మగవాళ్లకు తెలియనే తెలియదని మా అమ్మ అంటుంది. తెలిసే బూరెలు తిన్నారని పెద్దమ్మ అనేది. నేను పెద్దమ్మ పక్షం.

ఒకసారి అందరం నాగార్జున సాగర్ పోయాం. లాంచీలో దీవికి వెళ్లి పాత బౌద్ధ విహారాల రాళ్లు చూస్తున్నాం. గైడు ధ్యానం గురించి గొప్పగా చెబుతుంటే, "అంత మంచిదే గని నాయినా, వీళ్లు అన్నం ఏడ వండుకున్నరు?" అని పెద్దమ్మ అడిగింది. భిక్ష తెచ్చుకునేవారని అతను చెప్పాడు. "అయితె వండిపెట్టిన ఆడోళ్ల ఇండ్లు సూపియ్యి" అంది. పాపం, గైడు మమ్మల్ని గబగబా తర్వాతి రాళ్ల దగ్గరికి నడిపించాడు.

పాత ఇల్లు పగుళ్లు బారితే, కొడుకు పడగొట్టి కొత్తది కడతానన్నాడు. పెద్దమ్మ కన్నీళ్లేం పెట్టుకోలేదు. "కట్టుకో, వానకు ఉరుస్తున్నది నాకు తెల్వదా" అంది. కానీ మా గోడను ఆనుకుని కొత్త గోడ లేపి కిటికీ మూసేస్తామన్నప్పుడు మాత్రం అడ్డం తిరిగింది. టైల్స్ అందం చెడుతుందని కోడలు, రేపు తగాదాలొస్తాయని కొడుకు. అప్పటికే నాన్న పోయారు. అమ్మ మోకాళ్లు పట్టేసి గడప దాటడం లేదు. ఆమెకు మాట్లాడే మనిషి ఆ కిటికీలోనే ఉండేది. "గా కిటికి లేకుంటె మా చెల్లెకు పొద్దెట్ల పోతది? గోడ నీది రా, కిటికి మా ఇద్దరిది" అని ఆ పూట అన్నం ముట్టలేదు. చివరికి మెరిసే టైల్స్ నడుమ కిటికీ వచ్చింది, అరిగిన బండతో సహా.

పెద్దమ్మ దినాలకు నేను సూర్యాపేట వెళ్లాను. అవి అయ్యాక అమ్మ మా వైపు కిటికీ తలుపుకు గడియ పెట్టేసింది. "నాలిక సచ్చిపోయింది బిడ్డా, ఏం తిన్నా ఒకటే" అని కంచం జరిపేసేది. పెద్దమ్మ అంత కొట్లాడి నిలబెట్టుకున్నది ఆమెతోనే పోయిందని నాకు చాలా దిగులేసింది.

నేను మిర్యాలగూడ తిరిగొచ్చే రోజు పొద్దున, అటువైపు నుంచి ఎవరో తలుపు తట్టారు. గడియ తీశాను. వాళ్ల కోడలు. కోదాడ పిల్ల.

"చిన్నత్తయ్యా, పప్పులో ఉప్పు చాలిందో లేదో కొంచెం చూడండి. అత్తయ్య ఉన్నప్పుడు ఆవిడే చూసేవారు. నాకు తెలియడం లేదు."

అమ్మ గోడ పట్టుకుంటూ మెల్లగా వచ్చి చెయ్యి చాపింది. ఆ పిల్ల గరిటెతో అరచేతిలో ఇంత పప్పు వేసింది. అమ్మ నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"జరంత తక్కువైంది బిడ్డా" అంది. అని, గరిటె పట్టుకున్న ఆ చేతిని గట్టిగా పట్టుకుంది. అటువైపు పొయ్యి మీద పప్పు పొంగిపోతోంది. ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకోలేదు.